పాము రంగూ మనిషి తీర్పూ

కంటికి మొదట అందేది రంగు కాబట్టి మనిషి మొదట నమ్మేదీ రంగునే. పత్తిచేను గట్టు మీదనో, వడ్ల బస్తాల సందులోనో ఒక పాము కదిలినప్పుడు, నల్లగా ఉంటే నాగుపాము అనీ, పచ్చగా ఉంటే జెర్రిపోతు అనీ క్షణంలో తీర్పు వెలువడుతుంది; ఆ తీర్పు వెంటనే ఒకరు కర్ర అందుకుంటారు, మరొకరు ఏమీ కాదులెమ్మని దాని పక్కనుంచే నడిచి వెళతారు. మొదటి పొరపాటు వల్ల ఎలుకలను తిని పంటను కాపాడే ప్రాణి చనిపోతుంది, రెండో పొరపాటు వల్ల మనిషే చనిపోవచ్చు. 2000 నుంచి 2019 వరకు దేశంలో పాముకాటుతో సుమారు 12 లక్షల మంది, అంటే సగటున ఏటా 58 వేల మంది చనిపోయారని 2020లో వెలువడిన ఒక ప్రసిద్ధ అధ్యయనం లెక్కగట్టింది. మరణాలు ఎక్కువగా నమోదైన ఎనిమిది రాష్ట్రాలలో తెలంగాణ ప్రాంతంతో కూడిన ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. 2016 అక్టోబరులో పూర్వపు వరంగల్ జిల్లా నుంచి విడివడిన జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలు చెరువులు, చెల్కలు, అడవులు కలిసిన నేలలు కావడం వల్ల అక్కడి రైతుకూ కూలికీ పాము తారసపడటం అరుదైన విషయం కాదు. పాము రంగు ఎందుకు మారుతుందో తెలుసుకుని, రంగు మీద ఆధారపడని నిర్ణయాన్ని అలవాటు చేసుకోవడం ఈ అధ్యాయం లక్ష్యం.

ఒకే జాతిలో ఇన్ని రంగులెలా వస్తాయి

పాము చర్మంలో రంగుకు కారణమయ్యే కణాలు ప్రధానంగా మూడు రకాలు. మెలనిన్ అనే ముదురు వర్ణకాన్ని తయారుచేసే కణాలు నలుపు, గోధుమ ఛాయలను ఇస్తాయి. మరికొన్ని కణాలు పసుపు, ఎరుపు వర్ణకాలను నింపుకుని ఉంటాయి. మూడో రకం కణాలలో రంగు పదార్థమేదీ ఉండదు గానీ, వాటిలోని సూక్ష్మ స్ఫటికాలు వెలుతురును తిప్పికొట్టడం వల్ల నీలం, వెండి మెరుపులు పుడతాయి. ఈ మూడింటి పాళ్ళను నిర్దేశించేవి జన్యువులు, అంటే తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి చొప్పున జతగా సంక్రమించే వంశలక్షణ సూచనలు. ఏ ఒక్క సూచనలో తేడా వచ్చినా పాము జాతి మారదు, విషం మారదు, స్వభావం మారదు. పైకి కనిపించే రంగు మాత్రం గుర్తుపట్టలేనంతగా మారిపోవచ్చు.

దీనికి స్పష్టమైన ఉదాహరణ అమెరికా, ఐరోపా దేశాలలో పెంపుడు పాముగా పేరుపడిన పశ్చిమ హాగ్‌నోస్. కెనడా దక్షిణ భాగం నుంచి మెక్సికో ఉత్తర భాగం దాకా గడ్డిభూములలో, ఇసుక నేలలలో బతికే ఈ చిన్న పాము ముక్కు కొస పంది ముట్టెలాగా పైకి తిరిగి ఉంటుంది. ఆ ముక్కుతో మట్టిని తవ్వి కప్పలను వెతుక్కుంటుంది. భయపెడితే మెడను వెడల్పు చేసి బుసకొడుతుంది, అప్పటికీ శత్రువు వెళ్ళకపోతే వెల్లకిలా తిరిగి నోరు తెరిచి చచ్చినట్టు పడి ఉంటుంది. సహజంగా దాని ఒళ్ళు లేత గోధుమరంగులో ఉండి, వీపు మీద ముదురు మచ్చలు వరుసగా ఉంటాయి. పెంపకందారులు తరాల తరబడి ఎంపిక చేసి జతకట్టించడంతో అదే జాతిలో నారింజ, ఊదా, బూడిద, తెలుపు రంగుల పాములూ, అసలు మచ్చలే లేని పాములూ వచ్చాయి.

మెలనిన్ తయారీ ఆగిపోయిన హాగ్‌నోస్‌ను ఆల్బినో అంటారు. నలుపు పోగా మిగిలిన ఎరుపు, పసుపు వర్ణకాలు బయటపడి అది నారింజ రంగులో, ఎర్రని కళ్ళతో కనిపిస్తుంది. పసుపు, ఎరుపు వర్ణకాలు లోపించిన దానిని యాక్సాంథిక్ అంటారు. అది నలుపు, బూడిద ఛాయలలో ఉంటుంది. ఈ రెండూ అంతర్గత లక్షణాలు, అంటే తల్లిదండ్రులిద్దరి నుంచీ అదే సూచన అందితేనే పైకి కనబడతాయి, ఒక్కరి నుంచే అందితే కనబడకుండా ఒంట్లో దాగి ఉంటాయి. యాక్సాంథిక్ సూచనను దాచుకోని ఆల్బినోనూ, ఆల్బినో సూచనను దాచుకోని యాక్సాంథిక్‌నూ జతకట్టిస్తే పుట్టే పిల్లలన్నీ మామూలు గోధుమరంగులోనే ఉంటాయి, కానీ ప్రతి పిల్లా రెండు సూచనలనూ మోస్తూ ఉంటుంది. ఆ పిల్లలు పెరిగి తమలో తాము జతకడితే సగటున 16లో ఒకటి రెండు రకాల వర్ణకాలూ లోపించి తెల్లగా పుడుతుంది. పెంపకందారులు దానికి మంచు అనే అర్థంలో స్నో అని పేరు పెట్టారు. అనకొండ అని పిలిచే మరో రకంలో ఒక్క సూచన ఉన్నా వీపు మచ్చలు తగ్గిపోతాయి, రెండు సూచనలు చేరితే మచ్చలు పూర్తిగా పోతాయి. ఇలా పాళ్ళను బట్టి లక్షణం పెరిగే తీరును అసంపూర్ణ బహిర్గతత్వం అంటారు.

ఒకే విడత గుడ్ల నుంచి గోధుమరంగు పిల్లా, నారింజ పిల్లా, తెల్లపిల్లా పుట్టగలిగినప్పుడు రంగును జాతికి గుర్తుగా తీసుకోవడం ఎంత బలహీనమైన ఆధారమో తెలుస్తుంది. ప్రకృతిలో ఇంత వైవిధ్యం కనిపించకపోవడానికి ఒక కారణం, కొట్టొచ్చినట్టు కనబడే పిల్లను గద్దో ముంగిసో ముందుగా పట్టుకుపోవడం. అయినా నేల రంగు, చెట్టుచేమల నీడ, వయసు, వంశం కలిసి ఓరుగల్లు, అంటే వరంగల్ ప్రాంతపు పాములలోనూ మనిషిని తికమకపెట్టేంత రంగుల తేడాను మిగిల్చాయి.

ఓరుగల్లు నేల మీది రంగులు

నాగుపామును గోధుమ త్రాచు, నల్లత్రాచు అని వేరువేరు పేర్లతో పిలిచి, ఒకదాని కంటే ఒకటి ప్రమాదకరమని చెప్పుకోవడం పల్లెల్లో సాధారణం. ఇవన్నీ ఒకే జాతి. లేత గోధుమరంగు నుంచి ముదురు నలుపు దాకా దాని ఒళ్ళు ఏ ఛాయలోనైనా ఉండవచ్చు. పడగ వెనుక కళ్ళజోడులా ఉండే గుర్తు కొన్నింటిలో చెదిరిపోయి ఉంటుంది, కొన్నింటిలో అసలే ఉండదు. పైగా పడగ విప్పనంత వరకు నాగుపాము మామూలు పాములాగే కనబడుతుంది కాబట్టి, పడగ లేదనే ధైర్యం కూడా నమ్మదగినది కాదు.

నాగుపాము అని ఎక్కువగా పొరబడేది జెర్రిపోతును చూసి. లేత పసుపు, ఆకుపచ్చ కలిసిన గోధుమరంగు, దాదాపు నలుపు, ఇలా అనేక ఛాయలలో ఉండే ఈ విషం లేని పాము 2 మీటర్లకు మించి పెరుగుతుంది. పెదవుల పొలుసుల మధ్య నల్లని నిలువు గీతలు, పెద్ద కళ్ళు, తోక వైపు పోనుపోను చిక్కబడే నల్లని అడ్డచారలు దాని గుర్తులు. చిక్కుకుపోయినప్పుడు అది మెడను నిలువుగా ఉబ్బించి గుర్రుమంటుందే గానీ పడగలా అడ్డంగా విప్పదు. గోదాముల్లో, కల్లాల దగ్గర ఎలుకలు ఎక్కడ ఉంటే అక్కడ తిరిగే ఈ పామును నల్లగా ఉందన్న ఒక్క కారణంతో చంపిన రైతు తన పంటకు తానే నష్టం చేసుకుంటున్నాడు.

అన్నింటికంటే జాగ్రత్తగా చూడవలసినది కట్లపామును. నిగనిగలాడే నలుపు లేదా నీలి నలుపు ఒంటి మీద సన్నని తెల్లని కట్లు జంటలు జంటలుగా ఉంటాయని పుస్తకాలు వర్ణిస్తాయి. కానీ కొన్నింటిలో ఆ కట్లు మసకబారి ఉంటాయి, కొన్నింటిలో మెడ దగ్గర పూర్తిగా లేకుండా తోక వైపు మాత్రమే కనబడతాయి. ఇళ్ళలో బల్లుల కోసం తిరిగే, శాస్త్రగ్రంథాలు తోడేలు పాము అని పిలిచే విషం లేని చిన్న పాముకు కూడా గోధుమరంగు ఒంటి మీద తెల్లని పట్టీలు ఉంటాయి. దాని పట్టీలు తల వైపు స్పష్టంగా ఉండి తోక వైపు చెరిగిపోతాయి, కట్లపాము కట్లు తోక వైపు స్పష్టంగా ఉంటాయి. వెన్ను మధ్యలో ఆరు పలకల పెద్ద పొలుసుల వరుస ఒకటి తల నుంచి తోక దాకా సాగడం కట్లపాము అసలు గుర్తు. అయితే ఆ వరుసను చూడగలిగేంత దగ్గరికి వెళ్ళడమే ప్రాణాపాయం కాబట్టి, అది దూరం నుంచి తీసిన ఫొటోలో నిపుణుడు చూడవలసిన గుర్తే తప్ప రైతు వంగి చూడవలసినది కాదు.

రక్తపింజర విషయంలో పాతకాలపు తెలుగువారి చూపు గమనించదగినది. విశాఖపట్నంలో ఉండి పాములను పరిశీలించిన ప్యాట్రిక్ రస్సెల్, కోరమాండల్ తీరపు పాములపై 1796లో ప్రచురించిన గ్రంథంలో ఈ పామును స్థానికులు పెట్టుకున్న కాటుక రేకుల పొడ అనే పేరుతోనే నమోదు చేశాడు; ఒంటి ఛాయను వదిలి, నల్లని అంచులున్న మచ్చల ఆకృతిని పట్టుకున్న పేరు అది. పసుపు గోధుమ, ఇటుకరంగు, మట్టిరంగు, ఏ ఛాయలో ఉన్నా వీపు పొడవునా మూడు వరుసల అండాకారపు మచ్చలు, వెడల్పైన తల, కుక్కర్ ఆవిరి వదిలినట్టు ఆగకుండా సాగే బుస రక్తపింజర లక్షణాలు. దీనిని కొండచిలువ పిల్ల అని, పొట్టి తోకతో వంకరటింకర మచ్చలుండే ఇసుకపాము అని భ్రమపడి చేత్తో ఎత్తినవారు ప్రాణాల మీదికి తెచ్చుకుంటారు. గుట్టల్లో, రాళ్ళ సందుల్లో ఉండే చిన్నపింజర నేల రంగును బట్టి బూడిద, ఎరుపు, ఇసుక ఛాయలలో కనిపిస్తుంది. ఒంటిని చుట్టలుగా తిప్పి పొలుసులను ఒకదానికొకటి రాపిడి చేసి అది పుట్టించే శబ్దమే నమ్మదగిన హెచ్చరిక.

చెరువులు, నాటు వేసిన మడులలో కనిపించే నీరుకట్టె పసుపు, ఆకుపచ్చ, ఎరుపు కలిసిన రంగులలో, చదరంగపు గళ్ళ వంటి మచ్చలతో ఉంటుంది. కంటి కింద ఒకటి, కంటి వెనుక ఒకటి ఏటవాలుగా దిగే నల్లని గీతలు దాని ముఖచిహ్నాలు. కోపం వస్తే అది కూడా తల ఎత్తి మెడను చదును చేస్తుంది కాబట్టి నాగుపాము పిల్లగా భావించి చంపుతుంటారు. పసిరిక పాము పేరుకు తగ్గట్టు ఆకుపచ్చగా ఉండటమే ఎక్కువైనా, గోధుమరంగులో పుట్టినదీ ఉంటుంది. ఎప్పుడో ఒకసారి కనబడే తెల్లని నాగుపామును శ్వేతనాగు అని, దైవాంశ అని భావించి జనం గుమిగూడతారు. ఎర్రని కళ్ళుంటే అది మెలనిన్ తయారుచేసే ఎంజైము పనిచేయని ఆల్బినో, నల్లని కళ్ళుండి ఒళ్ళు మాత్రమే తెల్లబడితే వర్ణక కణాలు చర్మానికి చేరని మరో స్థితి. రెండింటిలోనూ విషగ్రంథులు మామూలుగానే పనిచేస్తాయి కాబట్టి భక్తితోనైనా దగ్గరికి వెళ్ళకూడదు.

చూసిన రంగు అసలు రంగు కాకపోవచ్చు

ఒకే పాము వేరువేరు రోజులలో వేరువేరు రంగులలో కనబడటానికి కారణాలున్నాయి. కుబుసం విడిచే ముందు పాత చర్మానికీ కొత్త చర్మానికీ మధ్య ద్రవం చేరడం వల్ల ఒళ్ళు వెలిసిపోతుంది, కళ్ళు పాలనీలంగా మారుతాయి. ఆ దశలో కట్లపాము నలుపు తగ్గి బూడిదరంగుగా కనబడవచ్చు, కుబుసం విడిచాక మళ్ళీ నిగనిగలాడవచ్చు. దమ్ము చేసిన మడిలోంచి వచ్చిన పాము ఒంటి మీద బురద ఆరితే మచ్చలు మూసుకుపోతాయి. తెల్లని ఎల్‌ఈడీ టార్చి వెలుగులో పసుపు పాలిపోతుంది, గోధుమ బూడిదగా తోస్తుంది. చాలా జాతులలో పిల్లల మీది చారలు పెద్దయ్యాక మసకబారతాయి. వీటన్నింటి మీదా భయం మరో పూత పూస్తుంది, ఎందుకంటే ఉలికిపడ్డ మనసు తనకు ముందే తెలిసిన పామునే ఎదుట చూస్తుంది.

తీర్పును రెండుగా విడదీయడం

పాము ఎదురైన క్షణంలో మనసు రెండు ప్రశ్నలను ఒకటిగా కలిపేస్తుంది: ఇది ఏ పాము, ఇప్పుడు ఏం చేయాలి. మొదటి ప్రశ్నకు జవాబు దొరికితేనే రెండోది తేలుతుందని అనుకోవడం వల్లనే తొందరపాటు పుడుతుంది. నిజానికి రెండో ప్రశ్నకు జవాబు ఏ పాముకైనా ఒక్కటే: దూరం జరగడం. ఆ పని అయిపోయాక మొదటి ప్రశ్నకు కావలసినంత వ్యవధి ఉంటుంది. తప్పడానికి అవకాశమున్న చోట తక్కువ నష్టం కలిగే వైపు తప్పడం వివేకం. విషం లేని పామును విషపాముగా భావించి దూరం పాటిస్తే పోయేది ఏమీ లేదు, విషపామును మంచిపాముగా భావిస్తే ప్రాణమే పోతుంది. ఈ వివేకాన్ని ఆచరణలో పెట్టే క్రమం ఇది.

1. కాళ్ళు కదపకుండా ఒక్క శ్వాస తీసుకుని, పాము ఎటు తిరిగి ఉందో చూసి, నెమ్మదిగా కనీసం 3 మీటర్లు వెనక్కి జరగాలి.

2. పిల్లలను, పశువులను, కుక్కను అటు రానీయకుండా ఒకరిని నిలపాలి. పాము బయటికి పోయే దారిని ఎవరూ అడ్డుకోకూడదు.

3. దూరం నుంచే పామును కనిపెట్టుకుని ఉండాలి, వీలైతే ఫోన్‌లో జూమ్ చేసి ఫొటో తీయాలి. తల ఆకారం, మచ్చల వరుసలు, తోక, శబ్దం, కదలిక గమనించి, రంగును చిట్టచివర లెక్కలోకి తీసుకోవాలి.

4. అది ఇంట్లోనే ఉండిపోతే అటవీశాఖకు గానీ, ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ వంటి శిక్షణ పొందిన సంస్థలకు గానీ కబురు చేయాలి. చేత్తో పట్టి చూపించే యువకుడి ధైర్యాన్ని మెచ్చుకోవడం ఊరివారు మానుకోవాలి.

5. పాము రాకకు కారణమైన ఎలుకలను, కప్పలను, దాగే చోట్లను తగ్గించాలి. ఇంటి గోడకు ఆనించిన పత్తికట్టె, పిడకల కుప్ప, చెదిరిన ఇటుకలు దూరంగా మార్చడం, గోడ రంధ్రాలు పూడ్చడం ఒక్కరోజు పని.

తెల్లవారుజామున మోటారు వేయడానికి వెళ్ళే రైతు స్టార్టర్ డబ్బాను చేత్తో తెరవకుండా ముందు కర్రతో తట్టి, టార్చి వేసి చూడాలి. పత్తి ఏరేవారు, మిర్చి కల్లాల దగ్గర రాత్రి కాపలా ఉండేవారు గట్టి బూట్లు వేసుకోవాలి, నేల మీద పడుకోకుండా మంచం మీద, అంచులు పరుపు కిందికి దోపిన దోమతెరలో పడుకోవాలి. నిద్రలో ఉన్నవారిని కట్లపాము కరవడం ఎక్కువగా నేల మీది పడకలలోనే జరుగుతుంది.

కాటు పడ్డాక రంగుతో పనిలేదు

కరిచిన పాము ఏ రంగులో ఉందో తేల్చుకోవడానికి దానిని వెతికి చంపి ఆసుపత్రికి తేవడం వల్ల విలువైన సమయం పోతుంది, మరొకరు కాటుకు గురయ్యే ప్రమాదమూ ఉంది. దేశంలో వాడే విషవిరుగుడు మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర నాలుగింటి విషానికీ కలిపి తయారైనది. వైద్యులు రోగి లక్షణాలను బట్టి, రక్తం 20 నిమిషాలలో గడ్డకడుతుందా లేదా అనే సులభమైన పరీక్షను బట్టి చికిత్స నిర్ణయిస్తారు. అందువల్ల పాము పేరు చెప్పలేకపోయామనే బెంగ అక్కరలేదు.

కాటు పడిన కాలునో చేతినో కదలకుండా బద్ద కట్టి ఉంచాలి. ఉంగరాలు, మెట్టెలు, కడియాలు వాపు రాకముందే తీసేయాలి. 108కు ఫోన్ చేసి, రోగిని నడిపించకుండా దగ్గరి ప్రభుత్వాసుపత్రికి చేర్చాలి. గట్టిగా తాడు బిగించడం, బ్లేడుతో కోయడం, నోటితో పీల్చడం, పసరు తాగించడం, మంత్రం కోసం ఆగడం ప్రతి ఒక్కటీ హానికరం. చికిత్సకు వెళ్ళే చోటు విషయానికొస్తే, మహబూబాబాద్‌లో 2022లో, జనగామ, భూపాలపల్లిలలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. వరంగల్‌లోని ఎంజీఎం ఆసుపత్రి ఈ ప్రాంతానికంతటికీ పెద్దదిక్కు. కట్లపాము కాటు నొప్పి, వాపు లేకుండా ఉండి, తెల్లవారేసరికి కడుపునొప్పితో, రెప్పలు వాలిపోవడంతో బయటపడవచ్చు కాబట్టి, అనుమానం ఉన్నా ఆలస్యం చేయకూడదు.

పెంచుకోవాలనే ఆశ

రంగురంగుల హాగ్‌నోస్ వీడియోలు చూసిన యువతకు అలాంటి పామును ఇంట్లో పెంచుకోవాలనిపించడం సహజం. ఆ కుతూహలం మంచిదే, దానికి సరైన దారి చూపాలి. భారతదేశపు పాములను పట్టుకోవడం, పెంచడం, అమ్మడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద శిక్షార్హం. అంతరించే ప్రమాదమున్న జీవుల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ ఒప్పందపు జాబితాలో ఉన్న విదేశీ జీవులను కలిగి ఉన్నవారు వాటిని నమోదు చేయాలని ఆ చట్టానికి 2022లో చేసిన సవరణ నిర్దేశించింది. మొద్దు తోక ఉన్నందుకు రెండుతలల పాము అని పేరుపడిన ఎర్ర ఇసుకపామును అదృష్టం తెస్తుందని లక్షలకు బేరం పెట్టేవారి మాటలు నమ్మినవారికి డబ్బూ పోతుంది, కేసూ మీద పడుతుంది. ఆ పాముకు రెండో తల లేదు. శత్రువును ఏమార్చేందుకు తోక తలలా కనబడుతుందంతే. రంగుల రహస్యం తెలుసుకోవాలనుకునే విద్యార్థి జన్యుశాస్త్రం చదవవచ్చు, హైదరాబాద్‌లోని నెహ్రూ జంతు ప్రదర్శనశాలలో పాములను అద్దం అవతలి నుంచి గంటలకొద్దీ పరిశీలించవచ్చు, దూరం నుంచి ఫొటోలు తీసి ఊరి పాముల ఆల్బం తయారుచేయవచ్చు.

సాధన

ఈ అధ్యాయం చదివిన కుటుంబం వారం రోజులలో మూడు పనులు పూర్తి చేయగలదు. మొదటిది, నాలుగు విషపాముల ఫొటోలను, వాటితో పొరబడే విషం లేని పాముల ఫొటోలను పక్కపక్కన పెట్టి, రంగు మాట ఎత్తకుండా తేడాలు చెప్పగలిగేవరకు పిల్లలతో కలిసి అభ్యాసం చేయడం. నలుపు తెలుపు ఫొటోలైతే ఈ అభ్యాసం ఇంకా బాగా కుదురుతుంది. రెండోది, ఇంటికి దగ్గరలో విషవిరుగుడు మందు ఉండే ఆసుపత్రి ఏదో ముందుగానే కనుక్కుని, అటవీశాఖ నంబరుతో సహా గోడ మీద రాసుకోవడం. మూడోది, గోడ పక్కనున్న కట్టెల కుప్పను తొలగించి, నేల మీద పడుకునే ప్రతి ఒక్కరికీ మంచం, దోమతెర ఏర్పాటు చేయడం. రంగును చూసి తీర్పు చెప్పే అలవాటు ఏళ్ళ తరబడి ఏర్పడినది కాబట్టి అది ఒక్క పఠనంతో పోదు; అయినా ఆగి, దూరం జరిగి, ఆ తర్వాతే చూడటం అలవాటైన మనిషి తన ప్రాణాన్నీ, తన చేనుకు కాపలా కాసే ప్రాణినీ ఒకే నిర్ణయంతో కాపాడుకోగలడు.